ఊరి సొమ్ముతో దయ చూపవచ్చునా?

ఊరందరి దగ్గర పన్ను వసూలు చేసిన మనిషి ఇంట్లో దొంగలు పడ్డారనుకోండి. అతని తప్పేమీ లేదు. పోయిన సొమ్ము అతడే కట్టాలా? ఊరు క్షమించాలా? తొందరపడి జవాబు చెప్పకండి.

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు పెద్దలకు మునసబు, కరణం గుర్తుండే ఉంటారు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్క రాసేవాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. బ్రిటిషు కృష్ణా జిల్లా మధ్యలో ఉండి కూడా నిజాం ఏలుబడి కింద నడిచిన పరిటాలలోనైనా, దాని పక్క ఊళ్లలోనైనా, రైతు పైకం ఎవరో ఒకరి చేతిమీదుగానే ఖజానాకు చేరేది. ఆ చేతికీ ఖజానాకూ మధ్యనే మన ప్రశ్న పుడుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలోనూ ఈ ప్రశ్నే తలెత్తింది. అక్కడ పన్ను వసూలు చేసే అధికారి జామీనుదారులతో పూచీకత్తు రాసి ఇవ్వాలి. చికాగోలో ప్రభుత్వ సొమ్ము స్వీకరించే ప్రెస్కాట్ అనే అధికారి, తన నిర్లక్ష్యం లేకుండానే సొమ్ము దొంగల పాలైందని మొరపెట్టుకున్నా, 1845లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ సాకు చెల్లితే రేపు ప్రతివాడూ దొంగల పేరే చెబుతాడు కదా! అయితే అంతర్యుద్ధంలో శత్రువులు బలవంతంగా లాక్కున్న సొమ్ముకు అధికారిని బాధ్యుణ్ణి చేయరాదని అదే కోర్టు 1872లో తీర్పు చెప్పింది.

కోర్టులో ఊరట దొరకనివారు శాసనసభను ఆశ్రయించేవారు. ఫలానా వసూలుదారు బాకీ రద్దు అని అతని పేరుమీదనే చట్టం చేసేవారు. జాలిగల పనే. కాని పలుకుబడి ఉన్నవాడికి చట్టం దొరికి, లేనివాడి ఇల్లు వేలానికి వస్తే అది జాలి అవుతుందా? 1870లో ఇల్లినాయి రాష్ట్రం, ప్రభుత్వానికి గాని స్థానిక సంస్థలకు గాని ఎవరు పడిన బాకీనీ శాసనసభ మాఫీ చేయరాదని తన రాజ్యాంగంలోనే రాసుకుంది.

మన భద్రాచలం రామదాసు కథ చూడండి. పాల్వంచ తహశీలుదారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డాడు. తానీషా ఆయన్ను ఊరికే వదలలేదు. రామలక్ష్మణులే వచ్చి పైకం చెల్లించాకే చెర వీడిందని జనం చెప్పుకుంటారు. జనం అల్లుకున్న కథలో సైతం ఖజానా నష్టపోలేదు! సుంకరి జక్కయ్య కూడా తాను అన్యాయం చేసినవారికి నాలుగంతలు ఇస్తానన్నాడు, అదీ తన ఆస్తిలోంచే.

అంటే, క్షమించినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి రాదు. ఆ బరువు ఎవరో ఒకరు మోయాలి. వసూలుదారును వదిలేస్తే, ఒకసారి శిస్తు కట్టిన పేద రైతే దాన్ని మళ్లీ మోస్తాడు. అతణ్ణి అడగకుండా చూపే దయ, పరుల సొమ్ముతో చేసే దానమే. అలాగని నిర్దోషి భార్య మెడలో పుస్తెలు అమ్మించడం న్యాయమూ కాదు.

మన విచారణ పండుగ చందాలోనో, మహిళల పొదుపు సంఘంలోనో ఇలాంటి కష్టం రావచ్చు. అప్పుడు ముందు లెక్క అందరి ఎదుట విప్పండి. తప్పుందో లేదో తేల్చండి. తప్పుంటే కట్టించండి. లేకపోతే క్షమిద్దామన్నవారే ముందుగా తమ వాటా తీసి బల్లమీద పెట్టండి. ధనికుడి బంధువుకైనా, కూలివాని కొడుకుకైనా ఒకటే పద్ధతి ఉండాలి. తన జేబు తాకని దయను దయ అనుకోవడం ఎంత సులువో మీరే ఆలోచించండి.