రక్తంలో వచ్చిన జబ్బు: కర్మమా, కారణమా?



పుట్టిన కొన్ని నెలలకే బిడ్డ పాలిపోతాడు. జీవితాంతం రక్తం ఎక్కిస్తూనే ఉండాలని డాక్టరు చెబుతాడు. అప్పుడు తల్లి నోట ముందుగా వచ్చే మాట ఒక్కటే: "ఏ జన్మలో ఏం పాపం చేశానో!" చుట్టాలూ అదే అంటారు, పక్కింటోళ్లూ అదే అంటారు. ఊరు, పొలం, ఇల్లు పోగొట్టుకుని పరాయి నేల మీద గుడిసె వేసుకున్న కుటుంబమైతే ఈ మాట ఇంకా లోతుగా దిగిపోతుంది. ఊరు పోవడమూ కర్మే, బిడ్డ రక్తం చెడడమూ కర్మే అనుకుంటారు. ఇది నిజమేనా? ఇందులో న్యాయముందా?

చక్మాల సంగతి చూద్దాం. వీళ్లు చిట్టగాంగ్ కొండల బౌద్ధులు. 1960ల మొదట్లో కర్ణఫులి నది మీద కప్తాయ్ డ్యాం కట్టినప్పుడు వాళ్ల సాగుభూమిలో దాదాపు 40 శాతం మునిగిపోయింది. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు. వేలాది మంది సరిహద్దు దాటి వచ్చారు. 1964 నుంచి వాళ్లలో చాలామందిని ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంచారు. వాళ్ల ప్రాణాలు కాపాడే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మరి వాళ్లను ముంచింది పూర్వజన్మ పాపమా, మనుషులు కట్టిన డ్యామా?

ఆ కొండల నుంచి బర్మా, థాయ్‌లాండ్, కంబోడియా దాకా జనం రక్తంలో హిమోగ్లోబిన్-ఇ అనే రకం ఎక్కువగా కనబడుతుంది. 1947లో సింధ్, పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన కుటుంబాల్లో బీటా తలసేమియా ఎక్కువ. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లలో ఈ రెండూ ఉన్నాయి. వాళ్లలో నమశూద్రులు ఎందరో. 1946లో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాల్ అనీ, దానికి అండగా నిలిచింది నమశూద్ర నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ అనీ మనం మరవకూడదు. తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలు మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాంలోనూ ఉన్నాయి. 2005 తర్వాత సల్వా జుడుం హింసకు భయపడి ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవులకు వచ్చిన గుత్తికోయలు మరో ఉదాహరణ. మధ్య భారత ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు చాలాచోట్ల ఉంది.

ఇంతకీ రక్తంలో జరిగేదేమిటి? హిమోగ్లోబిన్‌లో బీటా అనే భాగాన్ని తయారుచేసే జన్యువులు మనకు రెండుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఇంకోటి తండ్రి ఇచ్చింది. సికిల్ సెల్‌లో ఆ గొలుసు ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. హిమోగ్లోబిన్-ఇ లో మార్పు 26వ స్థానంలో. తలసేమియాలో ఆ గొలుసు తయారీయే తగ్గిపోతుంది, లేదా ఆగిపోతుంది. రెండు జన్యువుల్లో ఒక్కటే మారితే ఆ మనిషి క్యారియర్. మామూలుగానే బతుకుతాడు, తనకు ఉన్నట్టు కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరూ తలసేమియా క్యారియర్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. సికిల్ సెల్‌కూ ఇదే లెక్క. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. రెండువైపుల నుంచీ హిమోగ్లోబిన్-ఇ నే వస్తే జబ్బు తేలికగా ఉంటుంది. ఒకవైపు నుంచి ఇ, ఇంకోవైపు నుంచి బీటా తలసేమియా వస్తే చాలామందికి కష్టమవుతుంది.

మరి ఈ జన్యువులు ఇన్ని తరాలు ఎందుకు నిలిచాయి? మలేరియా వల్ల. సికిల్ సెల్ క్యారియర్లకు ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. దోమలున్న అడవుల్లో, పల్లపు నేలల్లో పూర్వీకుల ప్రాణం నిలబెట్టిన మార్పే ఇది. దీన్ని శాపం అనడం ఎలా కుదురుతుంది?

మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలితమేనంటారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, అజాగ్రత్త, దెబ్బలు ఇలా కారణాలు చెప్పుకుంటూ వెళ్లి, కర్మను ఎనిమిదోదిగా మాత్రమే చెప్పాడు. బాబాసాహెబ్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో ఇంకో అడుగు వేశాడు. బిడ్డకు లక్షణాలు వచ్చేది తల్లిదండ్రుల నుంచే అని సైన్సు చెబుతుంటే పూర్వజన్మ కర్మకు చోటెక్కడిదని అడిగాడు. పేదల దుస్థితికి రాజ్యమూ సమాజమూ జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికే ఆ సిద్ధాంతం పనికొస్తుందన్నాడు.

ఇక్కడ మనం ఒక జాగ్రత్త తీసుకోవాలి. కర్మను తోసేసి దాని కుర్చీలో జన్యువును కూర్చోబెడితే పనేం జరిగినట్టు? "వాళ్ల రక్తమే అంత", "ఆ పిల్లను చేసుకోవద్దు" అంటే అది కొత్త కులమే. 1970ల్లో అమెరికాలో సికిల్ సెల్ పరీక్షలు పెట్టాక, ఏ జబ్బూ లేని నల్లజాతి క్యారియర్లకు ఉద్యోగాలు, ఇన్సూరెన్సు నిరాకరించిన సందర్భాలున్నాయి. మన దగ్గరైతే జన్యువు ఇద్దరి నుంచీ వచ్చినా నింద మాత్రం కోడలి మీదే పడుతుంది. కారణం వేరు, నేరం వేరు. జన్యువు మోసినవాళ్లు నేరస్తులు కారు.

అయితే కారణం తెలిశాక బాధ్యత మొదలవుతుంది. పెళ్లికి ముందు, కనీసం గర్భం వచ్చిన తొలి వారాల్లో, రక్తపరీక్ష చేయించుకోవాలి. ఫలితం ఆ జంట చేతికే ఇవ్వాలి, నిర్ణయం కూడా వాళ్లదే. పాలిపోయిన ప్రతివాళ్లకూ ఐరన్ మాత్రలిచ్చి పంపిస్తే చాలదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోయి గుండెనూ కాలేయాన్నీ పాడుచేస్తుంది. అలాంటివాళ్లకు ఐరన్ బయటికి పంపే మందులు కావాలి.

ఇక రాజ్యం బాధ్యత. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్ సెల్ ఉన్నాయి. సికిల్ సెల్ నిర్మూలన కోసం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది. మంచిదే. కానీ సర్టిఫికెట్ కావాలంటే ముందు కాగితాలుండాలి. గుత్తికోయలకు ఇక్కడ కుల ధ్రువీకరణ దొరకదు. రక్తం కావాలంటే బదులు రక్తం ఇచ్చే చుట్టాలుండాలి. చుట్టాలంతా సరిహద్దు అవతల ఉండిపోయినవాళ్లకు ఎవరిస్తారు? వైద్యం ఇవ్వకుండా పరీక్షలు మాత్రమే చేస్తే అది ఉత్త లెక్కింపు.

ఒకసారి విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును బుద్ధుడు చూశాడు. మాకు ఇతని వల్ల ఉపయోగం లేదని తోటివాళ్లు వదిలేశారు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులను పిలిచి, మీకిక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. ఇల్లు వదిలి వచ్చినవాళ్ల గురించి అడిగిన ప్రశ్న అది. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల విషయంలో అది మనందరికీ తగులుతుంది. ఆ రోగిది ఏ జన్మ పాపమో బుద్ధుడు విచారించలేదు, ముందు నీళ్లు తెమ్మన్నాడు. మన బస్తీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడు, ఊరవతలి గుడిసెల్లో ఏ బిడ్డకు రక్తం అవసరమో కనుక్కుని రావడం ఆ నీళ్లు తేవడమే.