ఒంటికాలి మీద నిలబడితే పుణ్యమా?



జూన్ 21న బడుల్లో యోగా దినం. 2015 నుంచి నడుస్తున్న ముచ్చటే. పిల్లలను ఒంటికాలి మీద నిలబెట్టి, చేతులు నెత్తి మీదికి ఎత్తించి వృక్షాసనం వేయిస్తరు. "22 ప్రతిజ్ఞలు తీసుకున్నోళ్లం, మన పిల్లలు ఇది చెయ్యొచ్చా?" అని ఆర్మూర్‌లో మీరు అడిగితే అది అడగాల్సిన ప్రశ్నే.

ఒంటికాలి మీద నిలబడుడు మనకు కొత్త కాదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి పంతులు అట్లనే నిలబెట్టేటోడు. అది శిక్ష. పురాణాల్లో మునులు అట్లనే నిలబడి వరాలు అడిగారు. అది తపస్సు. ఆ తపస్సుకూ కులం అడ్డమొచ్చింది. తలకిందులుగా తపస్సు చేస్తున్న శంబూకుణ్ణి శూద్రుడని తెలిసి రాముడు తల నరికాడని ఉత్తరకాండ చెబుతుంది. ఇప్పుడు అదే నిలబడుడు వ్యాయామం. ఒళ్లు ఒకటే, కాలు ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. ఏ ఉద్దేశంతో చేస్తున్నావన్నదే లెక్క. కాలుకు పుణ్యం లేదు, పాపం లేదు. ఒళ్లు ఎండబెట్టుకుంటే విముక్తి వస్తుందేమోనని ఆయన స్వయంగా ఆరేండ్లు చేసి చూసి, వదిలేశాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో మొదటి భాగంలోనే ఈ సంగతి వివరంగా రాశారు.

"యోగా హిందువులదే గదా" అనేవారు మన నవనాథ సిద్ధుల గుట్ట వైపు చూడాలె. ఆరు, మూరు కలిపితే తొమ్మిది, అందుకే ఆర్మూర్ అయిందని పెద్దలు చెప్తరు. ఆ నాథులు హఠయోగులు. వాళ్ల గోరక్షుడు బౌద్ధుల 84 మంది సిద్ధుల్లో కూడా ఉన్నాడు. హఠయోగ గ్రంథాల్లో చాలా పాతదైన 'అమృతసిద్ధి' వజ్రయాన బౌద్ధుల నడుమ పుట్టిందని పరిశోధకులు చూపించారు. వినడానికి బాగుంటది గానీ, నా మట్టుకు దీంతో వాదన తేలదు. పరంపరగా వచ్చిందని ఏదీ ఒప్పుకోవద్దని కాలాములకు చెప్పిన మాట మన పరంపరకూ వర్తిస్తుంది.

కాబట్టి చేసి చూడండి. పాదాన్ని మోకాలికి ఆనించొద్దు, పిక్క మీద పెట్టండి. చూపు ఎదురుగా ఒక్క చోట నిలపండి. పెద్దవాళ్లు గోడ పట్టుకోండి. చీలమండ వణుకుతూనే ఉంటది. కదలకుండా నిలబడుడు అనేదే లేదు. ఒరుగుడు, సర్దుకొనుడు, మళ్లీ ఒరుగుడు. నడక, నిలబడుడు, కూర్చొనుడు, పడుకొనుడు నాలుగింటినీ ఎరుకతో చేయమంటుంది సతిపట్ఠాన సుత్తం. అనిత్యం అన్న మాట పుస్తకంలో చదివిన దానికంటే ఆ వణుకులో బాగా అర్థమవుతుంది. కాలు కింద పడితే సిగ్గెందుకు? మనసు ఎటు పోయిందో చూసుకొని మళ్లీ ఎత్తండి.

అయితే ఒక మాట. సంక్రాంతి దాటినంక పసుపు తవ్వకానికి పోయే అక్కలకు పొద్దంతా నడుం వంగే ఉంటది. సాయంత్రం వాళ్లకు ఆసనాలు నేర్పుడు ఎగతాళి. వాళ్లకు ముందు కావాల్సింది విశ్రాంతి, సరైన కూలి. యోగా శిబిరాల్లో ఈ మాట వినపడదు, మనమే అనాలె.

ఇగ పిల్లల సంగతి. మన తాతలు దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకొని, నడుం వంచి నిలబడ్డరు. వాళ్ల మనుమలు నిటారుగా నిలబడుడు నేర్చుకుంటే వద్దనేదేముంది? నిలబడమనండి. దేవునికి మొక్కే శ్లోకం వస్తే నోరు కలపకుండా ఊపిరి లెక్కపెట్టుకొమ్మనండి. ఎందుకని సారు అడిగితే, "మేం బౌద్ధులం సార్" అని, రెండు కాళ్ల మీద నిలబడి, మర్యాదగా చెప్పమనండి.