శ్యేనాతిథ్యము

శిబి చక్రవర్తి కథ వినినవారందరును పావురమునే తలతురు. డేగ ఆకలిని తలచువారు అరుదు. తన ఆహారమును హరించుట ధర్మమా యని డేగ అడిగినపుడు, రాజు దానిని పాపియని తరుమలేదు. తన మేని మాంసమును కోసి తూచెను.

డేగలను మచ్చిక చేసి వేటాడించుట ప్రాచీన విద్య. కూర్మాచలాధీశుడైన రుద్రదేవుడు దీనిపై సంస్కృతమున ‘శ్యైనికశాస్త్రము’ రచించెను. హరప్రసాదశాస్త్రిగారు దానిని 1910లో కలకత్తాలో ప్రకటించిరి. (సాళువమనగా వేటడేగయే, సాళువ నరసింహరాయల వంశమునకు ఆ పేరే నిలిచినది.) ఇంగ్లాండునందును అరబ్బు దేశములందును ఆ విద్య నేటికిని గలదు. అచ్చట ఒక్కొక్కప్పుడు తప్పించుకొనిన డేగ ఏ గృహస్థుని పెరటిలోనో వాలును. కాళ్లకు తోలుపట్టీలు, మువ్వ యుండును. స్వేచ్ఛ లభించినదని సంతసించుట తొందరపాటు. ఆ పట్టీ కొమ్మకు చిక్కుకొనిన పక్షి తలక్రిందులుగా వ్రేలాడి ప్రాణము విడుచును. ఇల్లు విడిచియు మమకారము విడువని సన్న్యాసి స్థితియు నిట్టిదే.

శాకాహారియైన భక్తుడు పాలన్నము పెట్టి పుణ్యమని తలచును. అది అతని తృప్తికే గాని డేగ ఆకలికి గాదు. పచ్చిమాంసము ముట్టజాలనివాడు ముట్టనక్కరలేదు. ముట్టగలవానిని వెంటనే పిలువవలెను. కాలి కడియముపై సంఖ్య కనబడిన వ్రాసికొని, యజమానికి చేరునట్లు కబురంపవలెను. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి డేగను పట్టి యుంచుకొనుట నేరము; ఇచ్చట అటవీశాఖవారికే తెలుపవలెను. వారు వచ్చువరకు పిల్లలను, కుక్కను లోపల నుంచి, దూరమున నిలిచి, ఆ చెట్టువైపే చూచుచుండవలెను.