అన్ని ఫోటోలలో ఒకే మచ్చ



మన కోనసీమలో పెండ్లి గాని, గృహప్రవేశము గాని ఫోటోలు లేక జరుగదు. ఆ పనిచేయు యువకుడొకడు రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఒక పెండ్లి ఫోటోలు తీసెను. ఇంటికి వచ్చి చూడగా ప్రతి ఫోటోలోను ఆకాశమున ఒకేచోట బూడిదరంగు మచ్చ కనబడెను. లెన్సు తుడిచెను, మచ్చ పోలేదు. కంప్యూటరులో ఒక్కొక్క ఫోటోనుండి దానిని చెరిపి యిచ్చెను. మరుసటి పెండ్లిలో అదే మచ్చ అదేచోట మరల వచ్చెను.

కారణము వినుడి. కెమెరాలో వెలుతురును పట్టుకొను పలకను సెన్సరు అందురు. లెన్సు మార్చునప్పుడు లోపలికి పోయిన ధూళి దాని ముందున్న సన్నని గాజుమీద నిలుచును. ఫిల్ము కెమెరాలో ప్రతి ఫోటోకు క్రొత్త ఫిల్ము వచ్చును గనుక ధూళి తరచుగా పాతదానితోనే పోవుచుండెను. డిజిటల్ కెమెరాలో పలక ఒక్కటే. అది మారదు, మచ్చయు మారదు. చెట్లు, చీరలు, జనసమూహము ఉన్నచోట అది దాగియుండును. తేటయైన ఆకాశముమీద బయటపడును.

ప్రతి ఫోటోలో మచ్చను చెరుపుచు పోయిన చాలదా? కొనువారికి నష్టము లేదు గదా? నిజమే. అయితే ఫోటోలను దిద్దువాడు జీవితాంతము దిద్దుచునే యుండవలెను.

నలుసును దూలమును గూర్చిన ప్రభువు మాట మనకు తెలిసినదే. అయితే మచ్చ ఎదుటివానిదో, నా కంటిదో నాకెట్లు తెలియును? ఫోటోలో కాకి యున్నయెడల అది ఒకదానిలో నుండును, రెండవదానిలో నుండదు. ఆలాగే ఇతరులలో నిజమైన తప్పులును కలవు. వాటిని లేవనుట సత్యము కాదు. కాని ఏ యింటికి పోయినను నాకు గర్వమే కనబడుచున్నయెడల నేను అనుమానింపవలసినది ఇండ్లను కాదు.

ఫోటోగ్రాఫరు కెమెరాను పరీక్షించుటకు లెన్సు ద్వారమును ఇరుకుచేసి, ఏమియులేని ఆకాశమును ఫోటో తీయును. నేనును ఆలాగే చేసితిని. నాకు ఏ కీడును చేయని నా తమ్ముని తలంచుకొంటిని. అతనియందును నాకు గర్వమే కనబడెను! ఆరు సంవత్సరములుగా నేనతని గడప త్రొక్కలేదు.

శుభ్రపరచుటకును ఒక పద్ధతి కలదు. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపరలు పడును. పంచె చెంగుతో రుద్దరాదు, గీతలు పడును. కెమెరా నోరు క్రిందికి వంచి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టవలెను. అప్పటికిని పోనిచో దానికై చేసిన మెత్తని పుల్లను తగిన ద్రవముతో తడిపి, నెమ్మదిగా ఒకే దిక్కునకు తుడువవలెను. గాలిలోను, కొబ్బరిపీచు దుమ్ములోను లెన్సు మార్చరాదు. ఒకసారి తుడిచిన చాలదు. ధూళి మరల వచ్చును.

ఇది వ్రాయుటకు ముందు నేను కొత్తపేటలోని నా తమ్ముని యింటికి పోయి వచ్చితిని. అతడు నన్నేమియు అడుగలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, ప్రక్కన కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను.