పెట్టెను చూసి కాదు, ఈడ్చి కొను

అమ్మీ,

నీకు వీసా వచ్చిందని మీ నాయన చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో నీ మాటే. నర్సుగా కువైట్ పోతున్నావు. మన కడప జిల్లాకు కువైట్ పరాయి దేశం కాదు. ఏ పల్లెలో అడిగినా ఎవరో ఒకరింటి మనిషి అక్కడ ఉంటారు. నేనూ ఇరవై రెండేండ్లు అక్కడ బండి తోలి వచ్చినవాణ్ణే. ఉద్యోగం సంగతులు నీకంటే ముందు పోయిన నర్సమ్మలు చెప్తారు. పెట్టె సంగతి మాత్రం నేను చెప్పాలి.

నిన్న నువ్వు ఫోనులో పంపిన బొమ్మ చూశాను. గులాబి రంగు, అద్దంలా మెరుస్తోంది. మూడు పెట్టెల సెట్టు, ధర సగానికి పైగా తగ్గించామని పైన రాశారు. డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకముందే ఇది చదువు తల్లీ.

నేను మొదట పోయింది 1993లో. మైదుకూరు నుంచి కడపకు బస్సు, కడపలో బొంబాయి మెయిలు, బొంబాయిలో సహార్ విమానాశ్రయం. చేతిలో చక్రాలు లేని రెక్సిన్ బ్యాగు. రెండేండ్లకు సెలవు మీద వస్తూ, చవకగా దొరికిందని కువైట్ సంతలో ఒక చక్రాల పెట్టె కొన్నాను. ఇంట్లో అందరికీ తెచ్చిన సామానంతా అందులోనే సర్దాను. తెల్లవారుజామున మన నాలుగు రోడ్ల కాడ బస్సు దిగాను. పది అడుగులు ఈడ్చానో లేదో, ఒక చక్రం ఊడి కంకరలో పడింది. ఎత్తుదామని పట్టుకుంటే పిడి చేతికొచ్చింది. భుజానికెత్తుకుందామని వంచితే జిప్పు నోరు తెరిచింది. టాంగ్ షర్బత్ పొడి డబ్బా రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. నన్ను పిలుచుకుపోవడానికి వచ్చిన మీ నాయన అప్పుడు బడికి పోయే పిల్లోడు, పరుగెత్తి దాన్ని పట్టుకున్నాడు. మా అమ్మకు తెచ్చిన చీర బురదలో పడింది. రెండేండ్ల నా కష్టమే బురదలో పడినట్టనిపించింది.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. పెట్టె పోయేదానికి కాదమ్మీ, తిరిగొచ్చేదానికి కొనాలి. పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ వెంట ఉంటాం, తలా ఒక చెయ్యి వేస్తాం. వచ్చేటప్పుడు నువ్వొక్కదానివే. రెండేండ్లు మంచం కింద దుమ్ములో పడి ఉన్న పెట్టె, ఆ రోజు నిండు బరువుతో నిన్ను ఇల్లు చేర్చాలి.

మీ జేజి వనిపెంటలో ఇత్తడి బిందె కొనేటప్పుడు తళుకు చూసేది కాదు. వేలి కణుపుతో కొట్టి మోత వినేది, అంచు తడిమేది, ఒకసారి చంకన పెట్టుకొని చూసేది. పెట్టె కూడా అట్లే కొనాలి. పెట్టె ప్రాణం మూడు చోట్ల ఉంటుంది. చక్రం, పిడి, జిప్పు. ఈ మూడూ గట్టివైతే రంగు ఏదైనా ఒకటే.

ముందు చక్రం చూడు. పెట్టెను తలకిందులు చేసి ఒక్కొక్క చక్రాన్నీ వేలితో తిప్పు. గరగరమని ఆగిపోతే ఆ పెట్టె వద్దు. పట్టుకొని అటూ ఇటూ కదిలించు, లొడలొడలాడకూడదు. గట్టి ప్లాస్టిక్ చక్రం నేల మీద పెద్దగా మోగుతుంది, రాయి తగిలితే పగులుతుంది. రబ్బరులా కాస్త మెత్తగా ఉండే పాలీయురెథేన్ చక్రానికి మోత తక్కువ, మన్నిక ఎక్కువ. తర్వాత పెట్టె తెరిచి, లోపలి గుడ్డకు జిప్పు ఉంటే తీసి అడుగు చూడు. చక్రాలు మరలతో బిగించి ఉంటే రేపు ఒకటి విరిగినా కొత్తది వేయించుకోవచ్చు. రివిట్లు కొట్టి ఉంటే దాన్ని ఊడదీయడమే పెద్ద పని.

రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా అని అడిగావు. పెట్టెకు చక్రాలొచ్చి ఎంతో కాలం కాలేదమ్మీ. 1970లో బెర్నార్డ్ సాడో అనే అమెరికా ఆయన సూట్‌కేసు అడుగున చక్రాలు బిగించి, పట్టీ కట్టి లాక్కుపోయేటట్టు చేశాడు. 1972లో దానికి పేటెంటు వచ్చింది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్ పెట్టెను నిలువుగా తిప్పి, రెండు చక్రాలు, లోపలికి దూరే పొడుగు పిడి పెట్టాడు. ఆ రెండు చక్రాలు సగం పెట్టెలోకే దిగి ఉంటాయి కాబట్టి దెబ్బ తక్కువ తగులుతుంది, గతుకుల్లోనూ నడుస్తాయి. నాలుగు చక్రాలది నున్నటి నేల మీద పక్కనే నడిచొస్తుంది, మణికట్టు మీద బరువు పడదు. కానీ ఆ చక్రాలు బయటికి పొడుచుకొని ఉంటాయి, విసిరేసినప్పుడు మొదటి దెబ్బ వాటికే.

నీ దారి ఎట్లాంటిదో చూడు. మన వీధి, బస్టాండు, చెన్నైకి సుమారు 300 కిలోమీటర్ల రోడ్డు. ఆ తర్వాతంతా విమానాశ్రయంలో నున్నటి నేల, అక్కడ హాస్టల్ లిఫ్టు. కాబట్టి పెద్ద పెట్టె నాలుగు చక్రాలది తీసుకో, విమానంలో చేత పట్టుకునే చిన్నది రెండు చక్రాలది తీసుకో. మన వీధిలో మాత్రం పెద్దదాన్ని నిలబెట్టి తోయొద్దు. రాళ్లున్న చోట ఎత్తుకోవాలి, లేదంటే వెనక్కి వంచి రెండు చక్రాల మీద లాగాలి.

పిడి సంగతి. పూర్తిగా పైకి లాగి ఊపి చూడు. కొంచెం కదలడం సహజం, చీపురు పుల్లలా వంగితే మాత్రం పనికిరాదు. ఒక గొట్టం కంటే రెండు గొట్టాలు మేలు. బొత్తాం నొక్కి పదిసార్లు పైకీ కిందికీ ఆడించు, ఒక్కసారి ఇరుక్కున్నా పక్కన పెట్టు. పైన, పక్కన ఉండే చిన్న పిడులను గట్టిగా గుంజు. లోడింగు చేసేవాళ్లు ఎత్తేది వాటితోనే.

షాపులో ఖాళీ పెట్టె ఏదైనా చిటికెన వేలితో లాగితే వస్తుంది. నిండు పెట్టె నడకే అసలు నడక. మన ఇంటి బియ్యం మూట ఒకటి తీసుకుపోయి, అందులో పెట్టి ఈడ్చి చూద్దాం. షాపాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. మనం ఇచ్చేది కష్టార్జితం.

జిప్పు పళ్లు సన్నగా ఉంటే నిండు పెట్టెకు ఆగవు. చాలా జిప్పుల రన్నరు వెనక ఒక అంకె ఉంటుంది. 5 కంటే 8, 8 కంటే 10 లావు. పెద్ద పెట్టెకు 8కి తగ్గొద్దు. మూలల దగ్గర రన్నరును మెల్లగా నడిపించు, పట్టుకునేది అక్కడే. ఇంకొక సంగతి కూడా తెలుసుకో. మామూలు జిప్పును బాల్‌పెన్ను మొనతో పొడిస్తే విడిపోతుంది. తాళం వేసిన రన్నర్లను అటూ ఇటూ నడిపితే మళ్లీ మూసుకుంటుంది. తాళం తాళంలాగే ఉంటుంది, వస్తువు ఉండదు. రెండు వరుసల జిప్పును పొడవడం అంత సులువు కాదు. ఏదైనా సరే, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, బంగారం, డబ్బు, రోజూ వేసుకునే మాత్రలు, పవర్‌బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. పవర్‌బ్యాంకును పెద్ద పెట్టెలో అసలు పెట్టనివ్వరు.

ఇక పెట్టె ఒళ్లు. గట్టి పెట్టెల్లో ఏబీఎస్ చవక, కానీ పెళుసు, గట్టి దెబ్బకు బీటలిస్తుంది. పాలీకార్బొనేట్ గట్టిది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ మధ్యలో ఉంటుంది, వంగి మళ్లీ నిక్కుతుంది, మన చేతికందే ధరలో దొరుకుతుంది. లోపల చీటీ మీద ఏ సరుకో రాసి ఉంటుంది, చదువు. అరచేత్తో పక్కన నొక్కి చూడు. లోపలికి పోయి వెంటనే పైకి రావాలి. గుడ్డ పెట్టె అయితే బరువు తక్కువ, బయట జేబులుంటాయి, చిరిగినా కుట్టించుకోవచ్చు. వానకు తడవడమే దాని లోపం. గీతలు పడతాయని దిగులుపడొద్దు, పెట్టెకు గీతలు సహజం.

బరువు మరవొద్దు. ఖాళీ పెట్టె బరువు కూడా నీకిచ్చిన బరువులోనే లెక్క. అయిదు కిలోల పెట్టె కొంటే జేజి పెట్టే ఊరగాయలో, శెనక్కాయల పొడిలో ఆ మేరకు కోతే. ఎన్ని కిలోలన్నది విమానాన్ని బట్టి మారుతుంది, నీ టికెట్ మీద రాసిందే లెక్క. ఒక్క పెట్టెలో మాత్రం 32 కిలోలకు మించనివ్వరు, ఎత్తేవాళ్ల నడుములు కాపాడటానికి. పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా విమాన సంస్థల నియమం. అందుకే మరీ పెద్దదానికి పోకు. చోటుంది కదా అని ఇంట్లోవాళ్లం కుక్కుతూనే ఉంటాం. 65 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున్నది ఒకటి, చేతికి చిన్నది ఒకటి చాలు. బయలుదేరేముందు కాటా పెట్టి చూద్దాం. బరువైన సామాను చక్రాల వైపు సర్దు, పెట్టె తూలదు.

డబ్బు సంగతికొస్తే, చవక అంటే తక్కువ ధర కాదు తల్లీ. ఒక్క సెలవుకే విరిగిపోయే పెట్టె ఎంతకిచ్చినా ఖరీదైనదే. అయిదారుసార్లు తిరిగొచ్చే పెట్టెకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా అదే చవక. మూడు పెట్టెల సెట్టులో నీకు మూడోది అవసరమే లేదు. ఆ డబ్బు కూడా కలిపి ఒక మంచిదాని మీద పెట్టు. వీఐపీ, సఫారీ, అరిస్టోక్రాట్ లాంటి పేరున్నవాటిలోనూ రకానికొక ధర ఉంటుంది, పేరొక్కటే చూసి కొనొద్దు. తగ్గింపు శాతం చూడకు, చివరికి చేతి నుంచి పోయే రూపాయలు చూడు. వారంటీ కార్డులో చక్రం, పిడి, జిప్పు రాసి ఉన్నాయా చదివి, బిల్లును ఫోనులో ఫోటో తీసి పెట్టుకో.

విమానంలో పెట్టె దెబ్బతింటే విమానాశ్రయం దాటి బయటికి రాకముందే కౌంటర్‌లో చెప్పి కాగితం రాయించుకో. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకు, అది చేతికొచ్చిన 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అలసిపోయాను, రేపు చూద్దాంలే అనుకుంటే హక్కు పోతుంది.

విమానం దిగాక సామాను బెల్టు మీద ఒకే రకం పెట్టెలు పది వస్తాయి. మన చేని పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డపీలిక ఒకటి జేజి నీకోసం దాచింది. పిడికి గట్టిగా ముడివెయ్యి. లోపల కూడా పేరు, ఫోను నంబరు రాసిన కాగితం పెట్టు.

అన్నిటికంటే పెద్ద మాట చివర చెప్తున్నా. నీ పెట్టెలో నీ చేతులతో సర్దినదే ఉండాలి. మావాడికి ఇది ఇవ్వమ్మా అని ఎవరు ఏ పొట్లం తెచ్చినా, విప్పి చూడకుండా తీసుకోవద్దు. అయినవాళ్లయినా సరే. తెలియని పొట్లం మోసి జైలు పాలైన అమాయకులున్నారు. మసాలాలో గసగసాలు వేయొద్దని మీ అమ్మకు ముందే చెప్పు. మనకు అవి వంట దినుసు, గల్ఫ్‌లో మత్తుమందు కింద లెక్క. కాదనలేకపోతే మా పెద్దనాయన ఒప్పుకోలేదని నా మీద పెట్టు. ఆ మాట పడటానికి నేనున్నాను.

ఆదివారం పొద్దున్నే సిద్ధంగా ఉండు. ప్రొద్దుటూరు పోయి నాలుగు షాపులు తిరిగి, ఈడ్చి చూసి కొందాం. బియ్యం మూట నేను తెస్తాను.

మీ పెద్దనాయన