పెట్టుబడి చీర: కట్టని వస్త్రంపై ఒక నైతిక విచారణ

తెలుగులో డబ్బు ఇస్తారు, పుస్తకం ఇస్తారు. బట్టలు మాత్రం పెడతారు. అన్నం పెట్టడం, బొట్టు పెట్టడం, బట్టలు పెట్టడం – ఈ మూడింటిలోనూ క్రియ పెట్టేవారి చేతితో ముగియదు. విస్తట్లో పెట్టిన అన్నం కడుపులోకి వెళ్లాలి, బొట్టు నుదుట నిలవాలి, చీర ఒంటిమీదికి చేరాలి. ఇవ్వడంలో వస్తువుపై హక్కు మారుతుంది. పెట్టడంలో పుచ్చుకునేవారి దేహం తలపులో ఉంటుంది. దండం పెట్టడం వంటి ప్రయోగాలు ఈ సూత్రానికి లొంగవు గానీ, శుభకార్యాల పరిభాష వరకు ఈ భేదం గట్టిదే. దీనిని అంగీకరిస్తే, కడప జిల్లా పెళ్లిళ్లలోనూ పేరంటాలలోనూ సర్వసాధారణమైన ‘పెట్టుబడి చీర’ ఒక నైతిక ప్రశ్నగా మారుతుంది. కట్టుకోరని ఇరుపక్షాలకూ తెలిసిన చీరను పెట్టడం ఏపాటి పెట్టడం?

ప్రొద్దుటూరు బంగారు వర్తకానికి పేరుమోసిన ఊరు. నగలకోసం వచ్చిన పెళ్లివారు బట్టలూ అక్కడే కొంటారు. పెళ్లికూతురి పట్టుచీరకు గంటలు పడుతుంది. మడత విప్పించి కొంగు చూస్తారు, జరీని వేళ్లతో తడుముతారు. పెట్టుబడి చీరల దగ్గరికి వచ్చేసరికి లెక్క డజన్లలోకి మారుతుంది. ధర, రంగు కుదిరితే చాలు. అలా కొన్న చీర ఒడిబియ్యంతోనో, గృహప్రవేశంలోనో ఒకరి చేతికి చేరి, మడత విప్పకుండానే బీరువాలోకి వెళ్లి, అక్కడినుంచి మరో ఇంటి శుభకార్యానికి బయలుదేరుతుంది. పెట్టినవారికే తిరిగి పెట్టకుండా గుర్తుంచుకోవడం ఇల్లాలి భారం. వ్యాపారంలో మదుపుకు వాడే మాటే ఈ చీరకూ పేరు కావడం కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

అయితే ఈ ఆచారాన్ని వెంటనే బూటకమనడం తొందరపాటు. వానమీద ఆధారపడి వేరుశనగ వేసే పులివెందుల ప్రాంతపు కుటుంబానికి, బంధువర్గంలోని ప్రతి ఆడపడుచుకూ మంచి నేతచీర పెట్టే స్తోమత అన్ని ఏళ్లా ఉండదు. చేతులూపుకుంటూ పంపడం కన్నా ఏదో ఒక చీర పెట్టడం మర్యాద. ‘మా ఇంటికి వచ్చావు, నిన్ను లెక్కలో ఉంచుకున్నాం’ అనే మాటను ఆ చీర మోస్తుంది. వాడకం కోసం కాక చేతులు మారడం కోసమే ఉన్న వస్తువులు లోకంలో ఇంకా ఉన్నాయి. ట్రోబ్రియాండ్ దీవుల్లో శంఖపు కడియాలు, గవ్వల హారాలు ద్వీపం నుంచి ద్వీపానికి తిరిగే ‘కులా’ వ్యవస్థను మలినోవ్‌స్కీ 1922లో వివరించాడు. అక్కడ మేలైన వస్తువుకు పేరుంటుంది, ఎవరెవరి చేతుల్లో తిరిగిందో చెప్పే చరిత్ర ఉంటుంది. తిరిగిన కొద్దీ దాని విలువ పెరుగుతుంది. పెట్టుబడి చీర విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకూడదు. జ్ఞాపకం ఇక్కడా ఉంది. కాని దాచడానికి ఉంది.

ఇండోనేషియా ఉదాహరణ తెలుగువారికి మరీ దగ్గరిది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చి వర్తకుల ఓడల్లో సుగంధద్రవ్యాలకు మారకంగా ఆ దీవులకు చేరాయి. సులవేసి ద్వీపపు తొరాజాలు భారతదేశం నుంచి వచ్చిన నూలు బట్టలను ‘మాఅ’ అనే పవిత్ర వారసత్వ వస్త్రాలలో చేర్చుకుని తరాలపాటు భద్రపరచి, క్రతువుల్లో మాత్రమే బయటికి తీశారు. అవీ నిత్యం కట్టని బట్టలే. సుమత్రాలోని బతక్ జనులలో పిల్లనిచ్చినవారు ‘ఉలోస్’ను పుచ్చుకునేవారి భుజాలపై స్వయంగా కప్పుతారు. ఒకచోట జ్ఞాపకం, మరొకచోట దేహస్పర్శ వస్త్రాన్ని నిలబెడుతున్నాయి. పెట్టుబడి చీరకు ఈ రెండూ లేవు.

వెల తక్కువ కావడం దోషమా? కాదనడానికి కుచేలుడే సాక్షి. చినిగిన ఉత్తరీయపు కొంగున కట్టి తెచ్చిన అటుకులు పుచ్చుకునేవాని నోటికి చేరాయి. స్వహస్తంతో పెడితే చాలునా? ఈ ప్రశ్నకు అయోధ్యకాండలో కఠినమైన జవాబు ఉంది. నారచీరలను కైక తానే తెచ్చి అందించింది; సీతకు వాటిని కట్టుకోవడం తెలియక నిలబడితే, పట్టుచీర మీదనే రాముడు చుట్టాడు. ‘చీర’ అనే మాటకు సంస్కృతంలో నారబట్ట, చింకిపేలిక అనే అర్థాలున్నాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం. కైక ఇచ్చింది, పెట్టలేదు. ఆ దేహం ఎలా ఉండబోతుందో ఆమె తలపులో లేదు. పెట్టుబడి చీరలో కైక క్రౌర్యం లేదు గానీ, ఆ తలపు లేకపోవడం మాత్రం ఉంది.

దేవుడి విషయంలో సమాజం ఇంత ఉదాసీనంగా ఉండదు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి ప్రభుత్వపక్షాన తెచ్చే పట్టువస్త్రాలను స్వామికి కట్టడానికే తెస్తారు. అమ్మవారికి సమర్పించిన చీరలు వేలానికి రావడమూ ఉంది. కాని పాడుకున్నవారు అమ్మ కట్టిన చీరగా దానిని కళ్లకద్దుకుని కట్టుకుంటారు. చేతులు మారడం దానికి తక్కువతనం తేలేదు.

ఇంతవరకు చర్చలోకి రాని మూడో వ్యక్తి నేతగాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో గుంటమగ్గం మీద బతికిన కుటుంబాలు అనేకం. దేవాంగుల పురాణగాథలో దేవలుడు దేవతల ఒళ్లు కప్పడానికి వస్త్రం నేస్తాడు; చౌడేశ్వరి అతనికి అండగా నిలుస్తుంది. ఆ గాథలో నేతకు ప్రయోజనం దేహమే. పడుగు సాగదీసి, గంజి పెట్టి, కండెలు చుట్టి, రోజుల తరబడి ఇంటిల్లిపాదీ పనిచేస్తే తయారయ్యే చీర, మడత విప్పని చీరతో ధరలో పోటీపడలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల వస్త్రాలను మగ్గానికే కేటాయించింది. ఏది ఎలా నేయాలో చట్టం చెప్పగలదు. ఏది ఎవరికి ఎలా పెట్టాలో చెప్పలేదు. కట్టుకోవలసిన పని లేనప్పుడు నూలు మెత్తదనం, అంచు గట్టిదనం, రంగు నిలకడ అడిగేవారుండరు. అడిగేవారు లేని చోట ఆ నైపుణ్యానికి వెల కట్టేవారూ ఉండరు. పుచ్చుకున్న స్త్రీ పట్ల జరిగిన చిన్న ఉపేక్ష నేతగాడి ఇంట పెద్ద నష్టమవుతుంది.

పది చీరల ఖర్చుతో రెండే నేతచీరలు కొని, దగ్గరివారిద్దరికి పెట్టి, మిగతావారికి పసుపు కుంకుమ, తాంబూలం ఇవ్వడం ఆచారానికి లోపమేమీ కాదు. అడ్డుపడేది శాస్త్రం కాదు, ఎవరేమనుకుంటారోనన్న బెరుకు. కట్టిన నూలుచీర ఉతుకుల్లో మెత్తబడి, పసిబిడ్డకు ఉయ్యాలై, పొత్తిగుడ్డై, చివరికి బొంతలో పొరగా కుట్టుపడుతుంది. పెట్టుబడి చీర ఎన్ని ఇళ్లు తిరిగినా పాతబడదు. మడతల దగ్గర మాత్రం చిరుగుతుంది.