గోల్ఫ్ మైదానంలో న్యాయం

న్యాయమంటే అందరినీ ఒకే కొలతతో కొలవడమా, లేక ఎవరి శక్తినిబట్టి వారిని చూడడమా? ఇది పాత ప్రశ్నే. కళాశాలలో పనిచేసే మాబోటివాళ్లకు ప్రవేశాల రోజుల్లో ఏటా ఎదురయ్యే ప్రశ్న కూడాను. “అందరికీ ఒకే పరీక్ష, ఒకే మార్కులు, అదే సమానత్వం” అని వాదించేవారికి కొదవలేదు. ఈ వాదానికి చక్కని సమాధానం సంపన్నుల వినోదంగా పేరుపడిన గోల్ఫ్ ఆటలోనే, అంకెలతో సహా, ఆచరణలో వున్నదంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు.

గోల్ఫ్‌లో బంతిని వరుసగా 18 గుంటలలో వేయాలి. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినట్లు. చేయి తిరిగిన ఆటగాడు 78 దెబ్బలతోనూ, మామూలు ఆటగాడు 95 దెబ్బలతోనూ ముగించారనుకుందాం. ఒక్కొక్కరి దెబ్బలలోనుంచి తీసివేయవలసిన అంకె వుంటుంది. దానిపేరే హాండికాప్. మొదటివానికి అది 6, రెండవవానికి 24. తీసివేయగా మిగిలేవి 72, 71. గెలిచినవాడు రెండవవాడు! తన శక్తితో పోల్చుకుంటే ఆనాడు అతడే మెరుగుగా ఆడాడు గనుక.

ఈ అంకె దయాధర్మంగా ఇచ్చేది కాదు. 2020లో వచ్చిన ప్రపంచ హాండికాప్ పద్ధతి ప్రకారం, ఆటగాని చివరి 20 ఆటలలో ఉత్తమమైన 8 ఫలితాలకు సరాసరి కడతారు. అంటే అతడు సాధారణంగా ఎలా ఆడుతున్నాడని కాదు, ఎంత బాగా ఆడగలడని కొలుస్తారన్నమాట. బలహీనునికి సర్వం దోచిపెడుతున్నారనేవారు గమనించవలసిన విషయమిది.

ఇంతకంటే ఆలోచింపజేసేది మరొకటి వున్నది. ప్రతి మైదానానికీ స్లోప్ రేటింగ్ అని 55 మొదలు 155 వరకు ఒక అంకె నిర్ణయిస్తారు. ప్రామాణికమైనది 113. నేర్పరితో పోలిస్తే మామూలు ఆటగానికి ఆ మైదానం ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. 113 గల మైదానంలో 6, 18 హాండికాప్‌లు గల ఇద్దరిని 130 గల మైదానానికి తీసుకుపోతే, ఈ లెక్కనుబట్టి వారి అంకెలు 7, 21 అవుతాయి. 12గా వున్న తేడా 14 అయింది. మనుషులు మారలేదు, నేల మారింది. కష్టం అందరిమీదా పడినా అందరిమీదా సమానంగా పడదు. బియ్యం ధర పెరిగినప్పుడు కూలివాని ఇంట జరిగేదీ, అధికారి ఇంట జరిగేదీ ఒకటి కాదని మనకు తెలియదా?

దీనివల్ల ప్రతిభకు అన్యాయం జరుగుతుందా? జరగదు. మహానిపుణులు పోటీపడే ఓపెన్ చాంపియన్‌షిప్‌లలో హాండికాప్ లేదు. అక్కడ పరీక్ష పరాకాష్ఠకు; ఇక్కడ ప్రయత్నానికి. తన నేర్పును దాచి అంకె పెంచుకునే మోసగాళ్లు లేరా? వున్నారు. అందుకే ఏడాదిలోని కనిష్ఠాంకంకంటే 5కు మించి పెరగనివ్వరు. సంఘానికి సవరించే అధికారం వున్నది. అంతేగాని దొంగ ఒకడు దొరికాడని పద్ధతినే రద్దు చేయరు.

అయితే ఈ న్యాయానికి ఒక కంచె వున్నది. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం 1934 నుంచి 1961 వరకు తన నిబంధనలలోనే సభ్యత్వాన్ని తెల్లజాతివారికి పరిమితం చేసింది. అగస్టా నేషనల్ క్లబ్బులో జరిగే మాస్టర్స్ పోటీలో 1982 వరకు ఆటగాళ్ల సంచులు మోసినవారు క్లబ్బు నియమించిన నల్లవారు. ఆ క్లబ్బు తొలి నల్ల సభ్యుని చేర్చుకున్నది 1990లో, స్త్రీలను 2012లో. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్బు స్త్రీలకు తలుపు తెరిచింది 2014లో. లోపలికి వచ్చినవారి మధ్య దెబ్బ దెబ్బకూ లెక్కకట్టిన సూక్ష్మబుద్ధి, గేటు దగ్గర నిలిచిపోయినవారి లెక్క చూడలేదు!

ఇక్కడే ఆటకూ సమాజానికీ భేదం. ఇద్దరి మధ్య ఎంత దూరం వున్నదని మాత్రమే హాండికాప్ అడుగుతుంది. ఆ దూరం ఎందుకు ఏర్పడిందని అడగదు. ఆటకు ఆ అవసరం లేదు. సమాజానికి వున్నది. వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లకై 1951లో రాజ్యాంగంలో చేరిన 15(4) అధికరణం ఆ ప్రశ్ననుంచి పుట్టినదే. ఆటలో దూరాన్ని లెక్కలో సర్దితే చాలు. సమాజంలో దానిని సర్దడమే కాక, చెరిపివేయడానికి కూడా పూనుకోవాలి. సర్దుబాటు మొదటి మెట్టు మాత్రమే.

కాని మొదటి మెట్టునైనా కాదనేవారిని ఒక్కమాట అడగవచ్చు. అసమానులకు ఒకే కొలత న్యాయం కాదని ఉదయంపూట పచ్చికమీద ఒప్పుకున్న పెద్దమనిషి, మధ్యాహ్నం ప్రవేశాల జాబితా ముందు దానినే అన్యాయమని ఎలా అనగలడు?